నొప్పి తగ్గిన కాలు ఆటకు సిద్ధమైనట్టేనా?

కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడు మూలనున్న డిఫెండర్‌ని కాలి వేళ్లతో తాకి, అదే ఊపులో వెనక్కి మళ్లుతాడు. ఆ మళ్లడంలో రెప్పపాటు సేపు ఒంటి బరువంతా ఒక్క కాలి మీద, అందులోనూ పాదం ముందు భాగం మీద ఉంటుంది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తోయలేదు. పాదం లోపలికి మడత పడుతుంది. పక్కకు తీసుకొచ్చి స్ప్రే కొడతారు, క్రేప్ బ్యాండేజీ చుడతారు. మర్నాడు ఎక్స్‌రే చూసి ‘ఎముక బాగానే ఉంది, బెణుకే’ అంటారు. కొందరు పసరు కట్టుకు వెళ్తారు. రెండు మూడు వారాల్లో వాపు దిగుతుంది, నడక మామూలవుతుంది, పరుగు కూడా వచ్చేస్తుంది. ‘ఇంకేం, దిగు’ అంటారు జట్టులోవాళ్లు. సీజన్ ముగిసేలోగా అదే కాలు, అదే వైపు, మళ్లీ మడత పడుతుంది.

మొదటి బెణుకు చాలాసార్లు ఖర్మం కొద్దీ జరిగేదే. రెండోదాని వెనక మాత్రం ఒక అలవాటు ఉంటుంది: నొప్పి పోవడాన్నే నయం కావడంగా లెక్కేసుకోవడం. డబ్లిన్‌లో మొట్టమొదటిసారి చీలమండ బెణికినవాళ్లను ఏడాది పాటు గమనించి, 2016లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 40 శాతం మందికి ఆ కాలు నమ్మకం లేని కాలుగా మారింది. మాటిమాటికీ తూలడం, గట్టు దిగుతుంటే పట్టు జారినట్టుండటం, మళ్లీ మళ్లీ బెణకడం. ఎక్స్‌రేలో మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

అతుక్కున్న లిగమెంటుకీ (కీలులో ఎముకలను కలిపి ఉంచే గట్టి పీచు) ఆటకు సిద్ధమైన కాలికీ మధ్య ఉన్న ఈ ఖాళీని పూడ్చడానికే బ్యాలెన్స్, ప్రొప్రియోసెప్షన్ (ఒంటి భాగాలు ఎక్కడున్నాయో చూడకుండానే తెలియడం) వ్యాయామాలు వచ్చాయి. ఇప్పుడు ప్రతి జిమ్ములోనూ ఒక వాబుల్ బోర్డు (కింద గుండ్రంగా ఉండి ఊగే పలక), ఒక బోసు బాల్ (సగం కోసిన బంతిలాంటి మెత్తటి దిమ్మ) కనిపిస్తున్నాయి. వాటి మీద ఒంటి కాలితో నిలబడి డంబెల్స్ ఎత్తే వీడియోలకు కొదవ లేదు. ఈ శిక్షణ పనిచేస్తుందనడానికి మంచి ఆధారాలే ఉన్నాయి. అయితే అది ఎలా పనిచేస్తుందని జనం అనుకుంటున్నారో అలా పనిచేయదు, అందరికీ ఒకేలా పనిచేయదు. ఈ రెండు సంగతులూ తెలియకపోవడం వల్లే సగం శ్రమ బోర్డు మీదే వృథా అవుతోంది.

ముద్ద చెవికెందుకు వెళ్లదు

భోజనం మధ్యలో కరెంటు పోయినా ముద్ద నోటికే వెళ్తుంది, చెవికి వెళ్లదు. చెయ్యి ఎక్కడుందో, మోచెయ్యి ఎంత వంగిందో కంటితో చూడకుండానే మెదడుకు తెలుస్తూ ఉంటుంది. బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త చార్ల్స్ షెరింగ్టన్ 1906లో దీనికి ప్రొప్రియోసెప్షన్ అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. నాడీకణాల మీద చేసిన కృషికి 1932లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. తెలుగులో దీనికి స్థిరపడ్డ మాటంటూ లేదు. ‘ఒంటి ఎరుక’ అనుకుంటే సరిపోతుంది.

అది లేకపోతే ఏమవుతుందో ఇయాన్ వాటర్‌మన్ జీవితం చెబుతుంది. 1971లో, 19 ఏళ్ల వయసులో, ఒక జబ్బు తర్వాత ఆయనకు మెడ కింది నుంచి స్పర్శా ఒంటి ఎరుకా రెండూ పోయాయి. కండరాల్లో బలం అలాగే ఉంది, పక్షవాతం కాదు. అయినా నిలబడలేకపోయాడు, చెయ్యి ఎటు పోతోందో తెలియలేదు. నెలల తరబడి సాధన చేసి, ప్రతి కదలికనూ కంటితో చూస్తూ, ముందే ఆలోచించుకుంటూ నడవడం నేర్చుకున్నాడు. గదిలో దీపం ఆరితే కుప్పకూలేవాడు. మనం ఊరికే నిలబడటం అనుకునేదాని వెనక ఎంత రాకపోకల వ్యవహారం నడుస్తోందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ లేదు.

ఈ కబుర్లు ఎక్కడి నుంచి వస్తాయన్నది చాలాకాలం తెగని తగువు. కీళ్లలోని నరాల కొసలే పంపుతాయని ఒకప్పుడు నమ్మేవారు. కండరాల లోపల కదురు ఆకారంలో, మధ్యలో లావుగా, కొసలు సన్నగా ఉండే చిన్న చిన్న గ్రాహకాలు ఉంటాయి. కండరం ఎంత సాగింది, ఎంత వేగంగా సాగుతోంది అన్న రెండు లెక్కలూ ఇవి వెన్నుపాముకు పంపుతుంటాయి. 1972లో వెలువడిన ఒక ప్రయోగం ఈ కదుళ్ల వైపే తీర్పు చెప్పింది. కళ్లు మూసుకున్న మనిషి మోచేతి ముందు భాగంలోని టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) మీద కంపించే పరికరం పెడితే, చెయ్యి కదలకపోయినా చాపుకుంటున్నట్టే అనిపిస్తుంది. కంపనానికి కదుళ్లు మోసపోయి, కండరం సాగుతోందని దొంగ కబురు పంపుతాయి, మెదడు నమ్మేస్తుంది. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్లను గమనించినా ఇదే తేలింది. కీలూ దాని చుట్టూ ఉన్న పొరా తీసేసినా, కాలు ఎటు ఉందో వాళ్లు బాగానే చెప్పగలరు. కీలు, చర్మం కూడా తమ వంతు కబురు పంపుతాయి, కానీ పెద్ద వాటా కండరానిదే.

ఆటల వైద్యానికి ఈ తగువుతో ఏం పని అంటే, అసలు ఈ వ్యాయామాలు పుట్టిందే పాత నమ్మకం మీద. 1965లో లండన్‌లో ఫ్రీమన్ అనే ఎముకల వైద్యుడు, తన సహచరులతో కలిసి ఒక వాదన చేశాడు. చీలమండ బెణికినప్పుడు లిగమెంటుతో పాటు దానిలోని నరాల కొసలూ తెగుతాయి, అందువల్ల కబురు అందక కాలు తూలుతుంది అని. కింద గుండ్రని అడుగున్న పలక మీద నిలబెట్టి సాధన చేయిస్తే ఆ తూలడం తగ్గుతుందని చూపించాడు. వైద్యం పనిచేసింది. కారణం మాత్రం పూర్తిగా నిలవలేదు. తర్వాతి కాలంలో పాదానికీ చీలమండకూ మత్తిచ్చి పరీక్షించినప్పుడు, వేరెవరో కాలిని కదిపితే ఎటు తిరిగిందో చెప్పడం కష్టమైంది గానీ, మనిషి తనంతట తాను కండరం బిగించి కదిపితే గురి తప్పలేదు. అంటే లిగమెంటు మూగబోయినా కండరం చెబుతూనే ఉంది. మందు పనిచేశాక ఎందుకు పనిచేసిందో వెతుక్కోవడం వైద్యంలో కొత్తేమీ కాదు.

నలభై మిల్లీసెకన్ల చిక్కు

జిమ్ముల్లో వినిపించే వివరణ ఒకటుంది: బ్యాలెన్స్ సాధనతో రిఫ్లెక్స్ పదునెక్కుతుంది, కాలు మడత పడబోతుండగానే కండరం అందుకుని ఆపేస్తుంది అని. వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే కుదరదు.

మోకాలి లోపల అడ్డంగా ఉండే ఏసీఎల్ అన్న లిగమెంటు తెగిన దృశ్యాలు కొన్ని హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ మ్యాచుల వీడియోల్లో పలు కోణాల నుంచి దొరికాయి. నార్వే పరిశోధకులు వాటిని ఫ్రేము తర్వాత ఫ్రేముగా కొలిచారు. పాదం నేలను తాకిన దాదాపు 40 మిల్లీసెకన్లకే లిగమెంటు తెగుతోందని వాళ్ల అంచనా. సెకనులో ఇరవై అయిదో వంతు. ఇక చీలమండ లోపలికి మడత పడటం మొదలయ్యాక, దాన్ని బయటికి లాగే పెరోనియల్ కండరాలు, అంటే పిక్కకు బయటి అంచున ఉండేవి, మేలుకోవడానికే 60 నుంచి 80 మిల్లీసెకన్లు పడుతుంది. మేలుకున్నాక బలం పుంజుకోవడానికి ఇంకా కొంత సమయం కావాలి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే. ఎంత సాధన చేసినా నరాల్లో కబురు పరుగెత్తే వేగం పెద్దగా పెరగదు.

మరి కాపాడేది ఏమిటి? పాదం నేలను తాకక ముందే జరిగే ఏర్పాటు. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని నేల మీద అడుగేసినప్పుడు వెన్ను దాకా ఒక కుదుపు వస్తుంది. ఎత్తు చూస్తే ఏమీ లేదు. నేల తగలాల్సిన క్షణం కోసం కండరాలు ఒక లెక్క ప్రకారం బిగుసుకుంటున్నాయి, నేల ఆ లెక్క కన్నా ముందే తగిలింది, అంతే. ప్రతి అడుగుకూ ప్రతి దూకుడుకూ ఇలాంటి ముందస్తు లెక్క ఒకటి ఉంటుంది. పాదం ఏ కోణంలో దించాలి, పిక్క ఎంత బిగించాలి, మోకాలు ఎంత వంచాలి, తుంటి ఎటు నిలపాలి అన్నవన్నీ గాల్లో ఉండగానే తేలిపోతాయి. ఒంటి ఎరుక పని ఇక్కడ కాపలా కుక్కది కాదు, కరణంది. ఈ దిగడం ఎలా జరిగిందో చిట్టా రాసి, రాబోయే దిగడానికి లెక్క సరిచేస్తుంది. ఒకసారి బెణికిన కాలు నొప్పికి భయపడి కొన్ని వారాలు కుంటుతుంది, ఆ కుంటి లెక్కలే చిట్టాలోకి ఎక్కుతాయి. నొప్పి పోయినా పాత లెక్క చెరగదు. నేలను తాకబోయే క్షణంలో పాదం బయటి అంచు కొద్దిగా కిందికి వాలి ఉంటే చాలు, మిగతా పని ఒంటి బరువు చేసేస్తుంది.

ఈ ఒక్క సంగతి పట్టుబడితే శిక్షణలో ఏది ముఖ్యమో దానంతట అదే తేలుతుంది. ఊగే పలక మీద పడిపోకుండా ఉండటం కన్నా, గట్టి నేల మీదకు సరిగ్గా దిగడం ఎక్కువ విలువైన సాధన.

ఇటలీ లెక్క, స్వీడన్ లెక్క

బ్యాలెన్స్ బోర్డు అమ్మేవాళ్లు ఇటలీ లెక్క చెబుతారు, స్వీడన్ లెక్క చెప్పరు. ఇటలీలో 40 ఫుట్‌బాల్ జట్లు, 600 మంది ఆటగాళ్లతో మూడు సీజన్ల పాటు జరిగిన పరిశీలన 1996లో వెలువడింది. సగం జట్లు రోజూ 20 నిమిషాలు బోర్డుల మీద సాధన చేశాయి. చేయనివాళ్లలో 70 మందికి ఏసీఎల్ దెబ్బతింటే, చేసినవాళ్లలో 10 మందికే. కళ్లు చెదిరే తేడా. అయితే ఏ జట్టు ఏ గుంపులోకి అన్నది లాటరీ వేసి తేల్చలేదు, కాబట్టి తేడా అంతా బోర్డు పుణ్యమే అనలేం. నాలుగేళ్ల తర్వాత స్వీడన్‌లో మహిళా ఫుట్‌బాల్ జట్లను లాటరీ పద్ధతిలో విడదీసి, ఇంటి దగ్గర బోర్డు సాధన చేయించారు. గాయాలు తగ్గలేదు. ఆ సీజన్‌లో ఏసీఎల్ తెగిన అయిదుగురిలో నలుగురు బోర్డు మీద సాధన చేసినవాళ్లే. అయిదుగురి మీద తీర్పులు చెప్పకూడదు గానీ, బోర్డు ఒక్కటే మోకాలికి కవచం అన్న మాట మాత్రం అక్కడే ఆగిపోయింది.

తర్వాతి మలుపు నెదర్లాండ్స్ వాలీబాల్ నుంచి వచ్చింది. 116 జట్లతో 2001-02 సీజన్‌లో జరిగిన అధ్యయనం ఇది. బోర్డు సాధన చేసిన జట్లలో చీలమండ బెణుకులు తగ్గాయి. కానీ విడదీసి చూస్తే ఆ లాభమంతా గతంలో ఒకసారి బెణికినవాళ్లదే. ఎన్నడూ బెణకని కాళ్లకు చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా అంతకుముందే మోకాలి గాయం ఉన్నవాళ్లలో మోకాలి నొప్పులు పెరిగాయి. ఊగే పలక మీద మోకాలు వంచి గంటల కొద్దీ నిలబడటం కూడా మోకాలికి భారమేనన్న ఇంగితం చాలా శిక్షణ పట్టికల్లో ఇప్పటికీ కనిపించదు.

అదే దేశంలో ఇంకాస్త సూటిగా పరీక్షించి, 2009లో ఆ ఫలితాలు ప్రచురించారు. అప్పుడే చీలమండ బెణికి మామూలు చికిత్స ముగించిన 522 మంది క్రీడాకారుల్లో సగం మందికి ఎనిమిది వారాల ఇంటి వ్యాయామాలు ఇచ్చారు. ఏడాదిలో మళ్లీ బెణికినవాళ్లు ఆ గుంపులో 22 శాతం, ఏమీ చేయని గుంపులో 33 శాతం. తొమ్మిది మంది చేస్తే ఒకరికి బెణుకు తప్పినట్టు. ఖర్చు దాదాపు శూన్యం కాబట్టి ఇది మంచి బేరమే.

కానీ ఆ కథకు ఒక కొసరు ఉంది. 2014లో ప్రచురించిన మరో అధ్యయనంలో అదే బృందంలోని పరిశోధకులు ఎనిమిది వారాల వ్యాయామాన్నీ, ఏడాది పాటు ఆడేటప్పుడల్లా చీలమండకు తొడిగే బ్రేస్‌నూ పోటీకి పెట్టారు. మళ్లీ బెణికినవాళ్లు వ్యాయామం గుంపులో 27 శాతం, బ్రేస్ గుంపులో 15 శాతం. ‘బ్రేస్ వేసుకుంటే కాలు బలహీనపడుతుంది’ అని మన మైదానాల్లో తరచూ వినిపించే మాటను ఈ అంకెల ముందు పెట్టి చూడాలి. ఎనిమిది వారాలు చేసి వదిలేసిన సాధన కన్నా, ఏడాది పొడవునా కాలికి ఉన్న పట్టీ మేలు చేసింది. సాధన కూడా ఏడాది పొడవునా సాగితే ఫలితం ఎలా ఉండేదన్నది వేరే ప్రశ్న. ఏదేమైనా తిరిగి బరిలోకి దిగే తొలి నెలల్లో రెండూ కలిపి వాడటానికి సిగ్గుపడాల్సింది లేదు.

జట్టు మొత్తానికి, గాయపడనివాళ్లతో సహా, పనికొచ్చినవి వేరే రకం కార్యక్రమాలు. వాటిలో బ్యాలెన్స్ ఒక పాలు మాత్రమే. 2005లో వెలువడిన నార్వే అధ్యయనంలో 120 క్లబ్బులకు చెందిన 1,837 మంది టీనేజ్ హ్యాండ్‌బాల్ క్రీడాకారులతో పరుగు, దిగడం, మలుపు తిరగడం, బోర్డు, తొడల బలం అన్నీ కలిపి వార్మప్‌గా చేయించారు. మోకాలు, చీలమండల తీవ్ర గాయాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఫిఫా వైద్య విభాగం, ఓస్లో పరిశోధకులు కలిసి తయారుచేసిన ‘11 ప్లస్’ కూడా ఈ కోవదే. 20 నిమిషాలు, 15 వ్యాయామాలు, ఒక్క బంతి తప్ప వేరే సామగ్రి అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల 1,892 మంది అమ్మాయిలపై పరీక్షించి 2008లో ప్రచురించిన ఫలితాల్లో గాయాలు మూడో వంతు వరకు, తీవ్రమైనవి సగం వరకు తగ్గాయి. అమ్మాయిలను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలడం, దాంతో ఏసీఎల్ తెగడం వాళ్లలో అబ్బాయిల కన్నా ఎక్కువ. ఎదిగే వయసులోనే దిగడం నేర్పితే మేలు.

పళ్లెం మీద తరంగం

ఇత్తడి పళ్లెం అంచు మీద రెండు పాదాలూ మోపి, తాళం తప్పకుండా వేదికంతా తిరుగుతూ తరంగం ఆడే కూచిపూడి నర్తకి బ్యాలెన్స్‌ను శంకించేవాళ్లు ఉండరు. ఆమెను బ్యాడ్మింటన్ కోర్టులోకి దించి వెనక మూలకు స్మాష్ కొట్టమంటే, దిగడంలో ఆ పళ్లెం పెద్దగా అక్కరకు రాదు. బ్యాలెన్స్ అన్నది బ్యాంకులో దాచుకుని ఎక్కడ కావాలంటే అక్కడ తీసుకునే సొమ్ము కాదు. ప్రయోగశాలల్లోనూ ఇదే కనిపించింది. ఒక రకం పలక మీద వారాల తరబడి సాధన చేసినవాళ్లు ఆ పలక మీద బ్రహ్మాండంగా మెరుగుపడతారు, దిశ మార్చినా వేరే పలక ఇచ్చినా మళ్లీ మామూలే.

కాబట్టి ఆటలో కాలు ఎక్కడ దెబ్బ తింటుందో ముందు చూడాలి. బ్యాడ్మింటన్‌నే తీసుకుంటే, ఏసీఎల్ తెగిన క్రీడాకారుల గాయాలను జపాన్‌లో విడమరిచి చూసినప్పుడు ఒక ముఖ్యమైన నమూనా బయటపడింది. బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూలకు అడుగులేస్తూ వెళ్లి, తల మీదుగా కొట్టి, రాకెట్ లేని వైపు కాలి మీద ఒంటరిగా దిగడం. 2019 జనవరిలో జకార్తాలో సైనా నెహ్వాల్‌తో ఇండోనేషియా మాస్టర్స్ ఫైనల్‌లో 10-4 ఆధిక్యంలో ఉండగా కరోలినా మారిన్ ఆట ఆపేయాల్సి వచ్చింది. ఆమె ఎడమచేతి వాటం, తెగింది కుడి మోకాలి లిగమెంటు. 2021లో ఎడమ మోకాలు, 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మళ్లీ కుడి మోకాలు. ప్రపంచ స్థాయి శిక్షణ ఉన్న క్రీడాకారిణికే మూడుసార్లు ఇలా జరిగిందంటే, ఏ వ్యాయామమూ గ్యారంటీ కార్డు ఇవ్వదని గుర్తుపెట్టుకోవాలి. అయినా ఆ మూల, ఆ దూకుడు, ఆ ఒంటి కాలి దిగడం అన్నవాటిని ప్రత్యేకంగా సాధన చేయించకుండా, కోర్టు పక్కన బోసు బాల్ మీద నిలబెట్టి ‘బ్యాలెన్స్ అయిపోయింది’ అని టిక్కు పెట్టడంలో అర్థం లేదు.

ఈ శిక్షణ చేరలేని గాయాలూ ఉన్నాయి. కబడ్డీలో యాంకిల్ హోల్డ్ పట్టి నలుగురు మీద పడ్డప్పుడు మెలిపడే మోకాలిని ఏ ముందస్తు లెక్కా కాపాడదు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన పి.వి. సింధు ఎడమ కాలికి వచ్చింది స్ట్రెస్ ఫ్రాక్చర్. అది ఎముక మీద పదేపదే పడ్డ భారానికీ, విశ్రాంతికీ సంబంధించిన వ్యవహారం. అన్నిటికీ బ్యాలెన్సే మందు అనడం, తలనొప్పికి కూడా క్రేప్ బ్యాండేజీ చుట్టడం లాంటిది.

సుద్దముక్క, దిండు, చప్పుడు

బెణికిన కాలితో సాధన ఎలా సాగాలో చూడటానికి ఖరీదైన గది అక్కర్లేదు. గచ్చు నేల మీద చెప్పులు విప్పి ఒంటి కాలితో నిలబడ్డ మనిషి పాదాన్ని దగ్గరగా గమనిస్తే చాలు. చీలమండ ముందున్న టెండన్లు ఒకదాని తర్వాత ఒకటి లేస్తూ పడుతూ ఉంటాయి, బొటనవేలు నేలను నొక్కుతూ వదులుతూ ఉంటుంది. ఆ అలజడి లోపం కాదు, అదే పని. కళ్లు మూయగానే అలజడి రెట్టింపవుతుంది, ఎందుకంటే కంటి సాయం పోయి భారమంతా ఒంటి ఎరుక మీద పడింది. అరనిమిషం నిలబడటం అలవాటయ్యాక గోడకు బంతి కొట్టి పట్టుకోమంటారు. కాలి మీద ధ్యాస తీసి బంతి మీద పెట్టడమే అక్కడి కిటుకు, ఆటలో ఎవరూ పాదం చూసుకుంటూ ఆడరు కదా. మడిచిన దిండు మీదో బొంత మీదో నిలబడటం ఆ తర్వాత. ఇక్కడిదాకా వారం పది రోజుల పని, కానీ చాలామంది నెలల తరబడి ఇక్కడే ఆగిపోతారు.

అసలు సాధన గెంతడంతో మొదలవుతుంది. ముందుకు గెంతి ఆగడం, పక్కకు గెంతి ఆగడం, గాల్లో పావు చుట్టు తిరిగి ఆగడం. ఆగాక రెండు లెక్కలు కదలకుండా ఉండాలి. ఆఖరుగా, ఎటు గెంతాలో ముందే చెప్పకుండా గాల్లో ఉండగా చప్పట్లతోనో కేకతోనో దిశ చెప్పడం. ప్రత్యర్థి కూడా ముందే చెప్పి రాడు. ఈ వరుస చూస్తే తొక్కుడుబిళ్ళ గుర్తుకు రావాలి. ఒంటి కాలితో గడి నుంచి గడికి గెంతుతూ, గీత తొక్కకుండా, మధ్యలో వంగి బిళ్ళ తీసుకుని, మళ్లీ గెంతుతూ వెనక్కి రావడం. ఫిజియోథెరపీ గదుల్లో కొత్త పేర్లతో చేయించే చాలా వ్యాయామాలు మన వీధుల్లో ఆడపిల్లలు సుద్దముక్కతో గీసుకుని ఆడిన ఆటకు దగ్గరి చుట్టాలే.

గెంతి దిగేటప్పుడు చూడాల్సినవి రెండు, వినాల్సింది ఒకటి. మోకాలు రెండో కాలివేలికి నేరుగా ఉందా, బొటనవేలి లోపలికి వాలుతోందా? నడుం రెండు వైపులా సమంగా ఉందా, ఒక పక్కకు జారుతోందా? ఇక చెవికి పని చప్పుడు. ధబ్బుమని దిగితే కీలు భారం తీసుకుంటోందని, మెత్తగా దిగితే కండరం తీసుకుంటోందని అర్థం. ఫోన్‌ను నేల మీద నిలబెట్టి స్లో మోషన్‌లో తీస్తే కోచ్ చెప్పక్కర్లేకుండా ఆటగాడికే తెలుస్తుంది.

తిరిగి ఆడొచ్చా లేదా అన్నదానికి ఒక సుద్దముక్క, ఒక టేపు చాలు. నేల మీద ఆంగ్ల ‘వై’ అక్షరంలా మూడు గీతలు గీసి, వాటి కూడలిలో ఒంటి కాలితో నిలబడి, రెండో కాలిని ఒక్కో గీత వెంట ఎంత దూరం చాచగలరో కొలవాలి. తర్వాత కాలు మార్చాలి. 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అమెరికా హైస్కూల్ బాస్కెట్‌బాల్ క్రీడాకారులపై ఈ పరీక్ష చేసినప్పుడు, ముందుకు చాచడంలో రెండు కాళ్ల మధ్య 4 సెంటీమీటర్లకు మించి తేడా ఉన్నవాళ్లు రెండున్నర రెట్లు ఎక్కువగా గాయపడ్డారు. తర్వాతి పరిశోధనలన్నింటిలో ఆ గీత అలాగే నిలవలేదు కాబట్టి దాన్ని పాసు మార్కులా వాడకూడదు. అయితే ఒకే మనిషి రెండు కాళ్లను పోల్చుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. డబ్లిన్ అధ్యయనంలోనూ ఇదే తరహా సూచన ఉంది. బెణికిన రెండు వారాలకు కూడా దూకి దిగే పరీక్షలు పూర్తిచేయలేనివాళ్లలో, ఆరు నెలలకు కాలు చాచే పరీక్షలో వెనకబడినవాళ్లలో ఆ కాలు మొండికేసే అవకాశం ఎక్కువ.

చేసేదెవరు?

ఇన్ని ఆధారాలున్నా అసలు గండం వేరే ఉంది. 2009 నాటి నెదర్లాండ్స్ అధ్యయనంలో ఇచ్చిన వ్యాయామాన్ని ఇచ్చినట్టు పూర్తిగా చేసినవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. అదీ పరిశోధకులు గమనిస్తున్నారని తెలిసి కూడా. తర్వాత అదే కార్యక్రమాన్ని మొబైల్ యాప్‌గా ఇచ్చి చూశారు, అచ్చు పుస్తకంతో పోలిస్తే చేసేవాళ్ల సంఖ్య మారలేదు. నొప్పి లేనప్పుడు ఒంటి కాలితో నిలబడటం కన్నా విసుగు పుట్టించే పని లేదు, ఇంటి దగ్గర ఒంటరిగా అయితే మరీను.

దీనికి ఆస్ట్రేలియాలోని సెమీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్లలో ఒక చిన్న మార్పు చేసి చూశారు. ‘11 ప్లస్’లోని బలం, గెంతులు, బ్యాలెన్స్ భాగాన్ని వార్మప్‌లోంచి తీసి సాధన చివరికి మార్చారు. వ్యాయామాలు అవే, సమయమూ అదే. చేసేవాళ్లు పెరిగారు, తీవ్ర గాయాల భారం తగ్గింది. వార్మప్‌లో అందరికీ బంతి ఎప్పుడు ముట్టుకుందామా అన్న తొందరే. చివర్లో ఆ తొందర ఉండదు, పైగా కాళ్లు అలసి ఉంటాయి. అలసిన కాలితో సరిగ్గా దిగడం నేర్చుకోవడం కూడా అదనపు లాభం కావచ్చు.

మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఒక పీఈటీ సారు, ఒక పీరియడు, మైదానంలో నలభై మంది పిల్లలు. బోర్డులు కొనే డబ్బు లేదు, 20 నిమిషాల వార్మప్ ఆయన చేతిలో లేదు. ఆయన చేతిలో ఉన్నది ఆఖరి అయిదు నిమిషాలు. కోర్టు గీత పక్కన అందరినీ ఒంటి కాలి మీద నిలబెట్టి, ఎటు గెంతాలో విజిల్‌తో చెబుతూ, దిగినప్పుడు చప్పుడు రానివాళ్లను లెక్కపెట్టడానికి ఆ అయిదు నిమిషాలు సరిపోతాయి. పోయిన నెల కాలు బెణికిన పిల్లవాడు ఎక్కడ నిలబడ్డాడో కూడా ఆ చప్పుళ్లలోనే తెలిసిపోతుంది.